ఐదు డాలర్ల బల్ల: పోకర్‌లో చిన్న పందెం ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది

ఈసారి రాజులూ కోటలూ కాదు, ఒక పేకాట బల్ల చరిత్ర చెప్తాను. ఎందుకు చెప్తున్నానో తెలియాలంటే ముందు బెంగళూరు వెళ్లాలి.

2025 జూన్‌లో పని మీద బెంగళూరు వెళ్లి మా పిన్ని కొడుకు రూములో దిగాను. వాడు అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రాత్రి ఒంటిగంటన్నరకి మెలకువ వచ్చి చూస్తే, వీడు దుప్పటి కప్పుకుని ఫోన్ వెలుగులో కూర్చుని ఉన్నాడు.

"ఏంట్రా, పడుకోలేదా?" అన్నాను.

"పోకర్ అన్నయ్యా. చిన్న టోర్నమెంటు. యాభై రూపాయలే. లో స్టేక్స్" అన్నాడు, స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా.

ఆ మాట వినగానే నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే భయం వేసింది. ఇరవై ఏళ్ల కిందట, డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో, అచ్చం ఇదే మాట నేనూ అన్నాను. "ఐదు డాలర్లే కదరా" అని. ఆ ఐదు డాలర్ల బల్ల ఒక రకంగా నన్ను కాపాడింది. ఇంకో రకంగా నా ఏడాదిని మింగేసింది. రెండూ నిజమే. ఆ రెండూ ఎలా నిజమయ్యాయో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు ఆట సంగతి. పోకర్ తెలియకపోయినా పర్లేదు, పదమూడు ముక్కలాట చాలామందికి తెలుసు కదా. సంక్రాంతికి మామయ్యలూ బాబాయిలూ దుప్పటి పరిచి కూర్చునే ఆట. దాంట్లో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి పాయింట్ల ఆట. పాయింటుకి ఇంత అని అనుకుంటారు. షో అవగానే ఓడినవాడు చేతిలో ఉన్న పాయింట్లకి లెక్కకట్టి ఇచ్చేస్తాడు, మళ్లీ ముక్కలు పంచుతారు. ఎప్పుడు లేవాలో ఎవరూ చెప్పరు. జేబు ఖాళీ అయితే పక్కవాడి దగ్గర చేబదులు తీసుకునైనా కూర్చోవచ్చు.

రెండోది 101 ఆట. అందరూ ముందే సమానంగా డబ్బు వేస్తారు. ఎవరి పాయింట్లు 101కి చేరితే వాళ్లు అవుట్. ఆఖరిదాకా మిగిలినవాడు ఆ డబ్బు తీసుకుంటాడు. ఇక్కడ ఎంత ఘోరంగా ఆడినా పోయేది మొదట వేసిన డబ్బే. అంతకు మించి ఒక్క రూపాయి కూడా పోదు.

పోకర్‌లోనూ అంతే. మామూలు ఆటని క్యాష్ గేమ్ అంటారు. అక్కడ చిప్ అంటే డబ్బే, పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. రెండోది ఒకే బల్ల టోర్నమెంటు. తొమ్మిది మందో పది మందో కూర్చుంటారు, బల్ల నిండగానే ఆట మొదలవుతుంది. అందుకే దానికి సిట్ అండ్ గో అని పేరు. అందరికీ ఒకే లెక్కన చిప్స్ ఇస్తారు. కొన్ని నిమిషాలకోసారి బ్లైండ్స్, అంటే తప్పనిసరిగా వేయాల్సిన పందెం, పెరుగుతూ పోతుంది. చిప్స్ అయిపోయినవాడు లేచిపోవాల్సిందే. మొదటి ముగ్గురికి మాత్రం డబ్బు వస్తుంది, మామూలుగా 50, 30, 20 శాతం చొప్పున.

సరే, ఈ బల్ల ఎక్కడ పుట్టింది? లాస్ వెగాస్‌లో.

అక్కడ బెన్నీ బినియన్ అనే ఆయనకి హార్స్‌షూ అనే క్యాసినో ఉండేది. 1970లో ఆయన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలుపెట్టాడు. 1972 నుంచి దాని ముఖ్యమైన పోటీకి ఎంట్రీ 10 వేల డాలర్లు. ఆ రోజుల్లో 10 వేల డాలర్లంటే మామూలు ఉద్యోగస్తుడికి ఏడాది జీతం లాంటిది. దాంతో వచ్చేవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లందరూ పాత కాపులే.

అక్కడ పోటీలు నడిపించే ఎరిక్ డ్రేకీ అనే ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. పదిమంది తలా వెయ్యి డాలర్లు వేసుకుని ఒక బల్ల దగ్గర ఆడండి, గెలిచిన ఒక్కడూ ఆ 10 వేలతో పెద్ద పోటీకి వెళ్తాడు అన్నాడు. దీన్ని శాటిలైట్ అన్నారు. చూడటానికి చిన్న మార్పే. కానీ పది వేలు లేనివాడికి కూడా తలుపు తెరుచుకుంది.

1983లో ఆ తలుపులోంచి మిషిగన్ రాష్ట్రానికి చెందిన టామ్ మెకెవోయ్ లోపలికి వచ్చాడు. ఆయన వృత్తి అకౌంటెంట్. శాటిలైట్ గెలిచి సీటు సంపాదించాడు. ఆ ఏడు 108 మంది ఆడారు. అందరినీ దాటి 5 లక్షల 40 వేల డాలర్లు గెలిచాడు. శాటిలైట్ ద్వారా వచ్చి ఆ పోటీ గెలిచిన మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు పదిహేనేళ్లు ముందుకి రండి. 1998 జనవరి 1న ప్లానెట్ పోకర్ అనే సైటులో మొదటిసారి అసలు డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ మొదలైంది. 2001 కల్లా పార్టీపోకర్, పోకర్‌స్టార్స్ వచ్చాయి. వెగాస్‌లో పదిమంది పోగయ్యేదాకా బల్ల దగ్గర ఎదురుచూడాలి. ఇంటర్నెట్‌లో పదిమంది పోగవడానికి ఒక్క నిమిషం చాలు. పైగా వెయ్యి డాలర్లు అక్కర్లేదు, ఐదు డాలర్లకి కూడా బల్ల వేయొచ్చు. క్యాసినోలో ఐదు డాలర్ల బల్ల వేస్తే ముక్కలు పంచేవాడి జీతం కూడా రాదు. కంప్యూటర్‌కి జీతం ఎక్కడిది? చిన్న పందెం టోర్నమెంటు అలా పుట్టింది.

2003లో ఇంకో అకౌంటెంట్ వచ్చాడు. పేరు క్రిస్ మనీమేకర్. అది పెట్టుకున్న పేరు కాదండి, నిజంగానే ఇంటిపేరు. టెనెసీలో ఉండేవాడు, వయసు 27. పోకర్‌స్టార్స్‌లో 86 డాలర్ల శాటిలైట్‌తో మొదలుపెట్టి వెగాస్ సీటు గెలుచుకున్నాడు. 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు తీసుకెళ్లాడు. ఈఎస్‌పీఎన్ దాన్ని టీవీలో వేసింది. ఆటగాళ్ల చేతిలో ముక్కలు కూడా కెమెరాలో కనిపించేవి. చూసినవాడికల్లా "ఇది నేనూ ఆడగలను" అనిపించింది.

లెక్క చూడండి. 2003లో 839 మంది. 2004లో 2,576. 2005లో 5,619. 2006లో 8,773. మూడేళ్లలో పది రెట్లు. ఆ వరదలో కొట్టుకొచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. వెగాస్ మాత్రం వెళ్లలేదు, అపార్ట్‌మెంట్‌లోంచే.

2005లో ఆ అపార్ట్‌మెంట్‌లో మేం నలుగురం తెలుగువాళ్లం. ఇద్దరిది గుంటూరు జిల్లా, ఒకడిది ఖమ్మం, ఒకడిది విశాఖ. మా ఖమ్మం రూమ్మేట్ మొదలుపెట్టాడు, వాణ్ణి చూసి నేను. ఊరికే ఆడేవాణ్ణి. అసైన్‌మెంట్ అయ్యాక అరగంట, అన్నం ఉడికేలోగా పది నిమిషాలు. 50 డాలర్లు వేశాను. రెండు మూడు వారాల్లో పోయాయి. మళ్లీ 50. అవీ పోయాయి. మళ్లీ 50. ఎక్కడ పోయాయని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఒక పెద్ద ఓటమి అంటూ లేదు. చిల్లు పడిన బిందెలో నీళ్లలాగా పోయాయి.

మా రూమ్మేట్‌ది ఇంకో కథ. ఒక రాత్రి 40 డాలర్లు పోయాయి. వాటిని రాబట్టాలని ఇంకో 60 వేశాడు. వాటిని రాబట్టాలని ఇంకో వంద. తెల్లారేసరికి 400 డాలర్లు. అది వాడి వాటా అద్దె. పొద్దున వంటింట్లో నిలబడి మాకు చెప్పాడు. గొంతు రావడం లేదు. మేం ముగ్గురం తలా కొంచెం వేసి ఆ నెల గట్టెక్కించాం. వాళ్ల నాన్నకి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ రోజుతో మానేయాల్సింది. నేను మానలేదు, బల్ల మార్చాను. ఐదు డాలర్ల సిట్ అండ్ గోకి వెళ్లాను. ఐదు డాలర్లు ప్రైజుకి, అర డాలరు సైటుకి ఫీజు. పదిమంది వేస్తే 50 డాలర్లు. మొదటివాడికి 25, రెండోవాడికి 15, మూడోవాడికి 10.

మొదట నాకు తెలిసిన తేడా ఏంటంటే, ఓడిపోగానే "మీరు ఏడో స్థానంలో నిలిచారు" అని ఒక చిన్న పెట్టె వచ్చేది. అంతే, ఆట అయిపోయింది. క్యాష్ గేమ్‌లో ఆ పెట్టె ఎప్పుడూ రాదు. ఇక్కడ ఎంత కోపంలో ఉన్నా పోయేది ఐదున్నర డాలర్లే. ఇంకోటి ఆడాలంటే మళ్లీ పదిమంది కూర్చోవాలి, మళ్లీ మొదటి నుంచి. ఆ మధ్యలో లేచి మంచినీళ్లు తాగుతాం. ఆ గ్లాసు మంచినీళ్లు మా రూమ్మేట్‌కి ఆ రాత్రి దొరకలేదు.

రెండో తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇక్కడ చిప్స్ డబ్బు కాదు. ఇది కాస్త జాగ్రత్తగా వినండి, ఆట మొత్తంలో అసలు కీలకం ఇదే.

నలుగురు మిగిలారనుకోండి. అందరికీ సమానంగా చిప్స్ ఉన్నాయి. 50 డాలర్ల ప్రైజులో ఒక్కొక్కరి వాటా లెక్కకి పన్నెండున్నర డాలర్లు. ఇప్పుడు మీరు, ఇంకొకతను ఉన్నదంతా పెట్టేశారు. మీరు గెలిచారు. మీ చిప్స్ రెట్టింపయ్యాయి. మరి మీ వాటా కూడా రెట్టింపై 25 డాలర్లు అవ్వాలి కదా? అవ్వదు. ఎందుకంటే 25 డాలర్లు మొదటి స్థానం వచ్చినవాడికే ఇస్తారు. మీ దగ్గర సగం చిప్స్ ఉన్నాయి కాబట్టి మొదటి స్థానం వచ్చే అవకాశం సగం. రెండోది వచ్చే అవకాశం మూడో వంతు, మూడోది ఆరో వంతు. లెక్కకడితే మీ వాటా 19 డాలర్ల 17 సెంట్లు.

మిగతా ఐదు డాలర్ల 83 సెంట్లు ఎటు పోయాయి? ముక్కలు పారేసి చేతులు కట్టుకుని కూర్చున్న ఆ ఇద్దరికీ పోయాయి. మీరిద్దరూ కొట్టుకుంటుంటే, ఏమీ చేయకుండానే తలా దాదాపు మూడు డాలర్లు సంపాదించుకున్నారు. అంటే పన్నెండున్నర పణంగా పెట్టి 19కి ఆడుతున్నారన్నమాట. అది గిట్టుబాటు కావాలంటే మీరు 65 శాతం సార్లు గెలవాలి. వందలో 60 సార్లు గెలిచే ముక్కలు చేతిలో ఉన్నా పారేయాల్సి వస్తుంది. పదమూడు ముక్కలాటలో ముక్కలు బాగా పడకపోతే 20కి డ్రాప్ అవుతాం కదా, ఇక్కడ బాగా పడినా డ్రాప్ అవ్వాలి.

ఈ లెక్క పేకాటలో పుట్టలేదు, గుర్రప్పందేల్లో పుట్టింది. 1973లో డేవిడ్ హార్విల్ అనే గణాంక శాస్త్రవేత్త, గుర్రాలకి గెలిచే అవకాశం ఇంత అని తెలిస్తే రెండో స్థానం, మూడో స్థానం అవకాశాలు ఎలా కట్టాలో ఒక వ్యాసంలో రాశాడు. 1987లో మేసన్ మాల్మత్ అనే పోకర్ రచయిత ఇలాంటి లెక్కనే టోర్నమెంటు చిప్స్‌కి వాడాడు. దాన్నే ఇవాళ ఐసీఎం అంటారు. 2005 నాటికి ఇది కొద్దిమందికే తెలుసు. తెలిసినవాళ్లు ఐదు, పది డాలర్ల బల్లల మీద నెమ్మదిగా డబ్బు ఏరుకుంటూ వెళ్లారు. తెలియనివాళ్లు ఆ డబ్బు ఇచ్చుకుంటూ వెళ్లారు.

అదే కాలంలో క్రిస్ ఫెర్గూసన్ అనే పేరున్న ఆటగాడు ఒక పందెం లాంటిది వేసుకున్నాడు. జేబులోంచి ఒక్క సెంటు వేయకుండా, ఎంట్రీ లేని పోటీలతో మొదలుపెట్టి, 10 వేల డాలర్లు చేస్తానన్నాడు. చేశాడు కూడా. ఆయన పెట్టుకున్న నియమాలు నేను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ఒక బల్ల మీద ఉన్న డబ్బులో 5 శాతానికి మించి పెట్టకూడదు. పెద్ద టోర్నమెంట్లకి 2 శాతానికి మించకూడదు. క్యాష్ గేమ్‌లో గెలిచి గెలిచి బల్ల మీది డబ్బు 10 శాతం దాటితే లేచిపోవాలి. గెలుస్తున్నప్పుడు లేచిపోవడం అనే మాట నేను అదే మొదటిసారి వినడం. ఫెర్గూసన్ గురించి మళ్లీ చెప్తాను, పేరు గుర్తుపెట్టుకోండి.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఏడాదిలో 300 ఆటలు. మొదటి స్థానం 34 సార్లు, రెండోది 32, మూడోది 38. కట్టింది 1,650 డాలర్లు. వచ్చింది 1,710. లాభం 60 డాలర్లు. ఆ రోజు నా గర్వం చూడాలి మీరు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాలనిపించింది. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

తర్వాత స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చుని ఆ పేజీ ముందు పెట్టుకున్నాను. ఒక్కో ఆటకి సుమారు 50 నిమిషాలు. 300 ఆటలంటే 250 గంటలు. 60 డాలర్లని 250తో భాగిస్తే గంటకి 24 సెంట్లు. ఆ ఏడు అమెరికాలో కనీస వేతనం గంటకి 5 డాలర్ల 15 సెంట్లు. క్యాంపస్ క్యాంటీన్‌లో ప్లేట్లు కడిగి ఉంటే వెయ్యి డాలర్ల పైన వచ్చేవి. మా ఖమ్మం వాడు ఆ పనిలోనే చేరాడు, ఆ రాత్రి తర్వాత.

సరే, డబ్బు సంగతి వదిలేయండి. ఆట వచ్చిందా? అదీ గట్టిగా చెప్పలేను. అందరూ సమానంగా ఆడే బల్ల మీద, ఫీజు పోగా, ఒక సగటు ఆటగాడికి 300 ఆటల్లో 150 డాలర్లు పోవాలి. కానీ అదృష్టం అటూ ఇటూ చాలా ఊపుతుంది. లెక్కకడితే, అలాంటి సగటు ఆటగాళ్లు వంద మంది 300 ఆటలు ఆడితే, ఏ నైపుణ్యమూ లేకుండానే దాదాపు ఏడుగురు నాకంటే ఎక్కువ లాభంతో తేలతారు. నేను బాగా ఆడానా, ఆ ఏడుగురిలాంటివాణ్ణేనా? 300 ఆటలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేవు. వేల ఆటలు ఆడితే తెలుస్తుంది. వేల ఆటలంటే ఎన్నేళ్లో మీరే లెక్క వేసుకోండి.

నేను తేల్చుకునేలోపే చట్టం వచ్చింది. 2006 అక్టోబర్ 13న అమెరికా అధ్యక్షుడు బుష్ ఒక బిల్లు మీద సంతకం పెట్టాడు. అసలు అది ఓడరేవుల భద్రత బిల్లు. దాని చివర్లో ఇంటర్నెట్ జూదానికి బ్యాంకులు డబ్బు పంపకూడదన్న చట్టాన్ని తగిలించారు. పార్టీపోకర్ అమెరికా ఆటగాళ్లకి తలుపులు మూసేసింది. కొన్ని కంపెనీలు మాత్రం ఉండిపోయాయి. నేను ఉన్న డబ్బు తీసుకుని బయటికి వచ్చేశాను. తెలివితో కాదులెండి, థీసిస్ గడువు దగ్గర పడింది.

ఉండిపోయిన వాళ్ల సంగతి 2011 ఏప్రిల్ 15న తేలింది. పోకర్ లోకంలో దాన్ని బ్లాక్ ఫ్రైడే అంటారు. అమెరికా న్యాయశాఖ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సల్యూట్ పోకర్ కంపెనీల పెద్దల మీద కేసులు బయటపెట్టింది. సైట్లు తెరిస్తే ఆట బదులు ప్రభుత్వ నోటీసు కనిపించింది. తర్వాత ఫుల్ టిల్ట్ లెక్కలు బయటికి వచ్చాయి. ఆ ఏడు మార్చి 31 నాటికి ఆటగాళ్లకి ఇవ్వాల్సింది దాదాపు 39 కోట్ల డాలర్లు, బ్యాంకుల్లో ఉన్నది దాదాపు 6 కోట్లు అని ప్రభుత్వం కోర్టులో చెప్పింది.

ఇప్పుడు ఫెర్గూసన్‌ని గుర్తు తెచ్చుకోండి. ఐదు శాతం నియమం చెప్పినాయన. ఆయన ఫుల్ టిల్ట్ కంపెనీ బోర్డులో సభ్యుడు. ఆయన మీదా ప్రభుత్వం సివిల్ దావా వేసింది. తప్పు ఒప్పుకోకుండానే 2013లో రాజీ చేసుకున్నాడు. 2018లో ఆటగాళ్లకి క్షమాపణ చెప్తూ వీడియో పెట్టాడు. ఆటగాళ్ల డబ్బు చివరికి వచ్చిందనుకోండి. 2012లో పోకర్‌స్టార్స్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఫుల్ టిల్ట్‌ని తీసుకుంది. అమెరికా ఆటగాళ్లకి మాత్రం 2014 దాకా చేతికి రాలేదు.

నాకు ఇక్కడ ఒక విషయం అర్థమైంది. ఐదు శాతం నియమం మంచిదే. దాన్ని అక్షరాలా పాటించినవాడు బల్ల మీద నష్టపోకపోవచ్చు. కానీ మిగతా 95 శాతం ఎక్కడ ఉంది? కంపెనీ ఖాతాలో. మన క్రమశిక్షణ మన చేయి దాకానే. అవతలివాడి గల్లాపెట్టె మీద దానికి అధికారం లేదు.

ఇక ఆఖరి మలుపు. పది మంది, 50 నిమిషాలు, నెమ్మదిగా పెరిగే పందెం... ఇది కంపెనీలకి గిట్టుబాటు తక్కువ. 50 నిమిషాలకి ఒకసారే ఫీజు. అందుకని ముందు టర్బో అన్నారు, పందెం రెట్టింపు వేగంతో పెరుగుతుంది. తర్వాత హైపర్ టర్బో. 2014లో పోకర్‌స్టార్స్ స్పిన్ అండ్ గో తెచ్చింది. ముగ్గురే ఆటగాళ్లు. ఆట కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మొదలయ్యే ముందు ఒక చక్రం తిరిగి ప్రైజు ఎంతో చెప్తుంది. ఎక్కువసార్లు పడేది ఎంట్రీకి రెండు రెట్లు. ముగ్గురు వేస్తారు, ఇద్దరి డబ్బు తిరిగి వస్తుంది. మూడోవాడి డబ్బు ఎప్పుడో ఒకసారి పడే పెద్ద ప్రైజుకీ, కంపెనీ ఫీజుకీ పోతుంది. ఆ పెద్ద ప్రైజు మీ ఆయుష్షులో మీకు పడుతుందో లేదో ఆటతో సంబంధం లేదు, అది లాటరీ.

గమనించారా? బల్ల పేరు అదే, చిన్న పందెం అన్న మాట అదే. కానీ నన్ను కాపాడిన ఆ గ్లాసు మంచినీళ్ల వ్యవధిని తీసేశారు. ఐదు నిమిషాలకో ఆట వస్తుంటే 101 ఆట కాస్తా మళ్లీ పాయింట్ల ఆట అయిపోతుంది. ఒక్కో ఆటకి హద్దు ఉంటుంది, రాత్రికి ఉండదు.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు కేసు ఒకదాంట్లో తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకవైపు, సత్యనారాయణ అనే ఆయన ఇంకోవైపు. పదమూడు ముక్కలాట ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని కోర్టు చెప్పింది. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి అని కారణం కూడా చెప్పింది. తర్వాత వచ్చిన రమ్మీ యాప్‌లూ పోకర్ యాప్‌లూ ఆ తీర్పునే గొడుగులా పట్టుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2023 అక్టోబర్ నుంచి కేంద్రం 28 శాతం జీఎస్టీ వేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనతో పని లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. శిక్షలు నడిపేవాళ్లకీ ప్రచారం చేసేవాళ్లకీ, ఆడేవాళ్లకి కాదు.

మళ్లీ బెంగళూరు రూముకి వద్దాం. చట్టం రాకముందు, ఆ జూన్ రాత్రి. నేను వాణ్ణి తిట్టలేదు. తిట్టడానికి నాకు మొహం ఎక్కడుంది? "ఎంత పోయిందిరా?" అని మాత్రం అడిగాను.

"పెద్దగా ఏం లేదన్నయ్యా. ఒక మూడు వేలు ఉంటుందేమో."

"రాసుకున్నావా?"

"లేదు."

పొద్దున టీ తాగుతూ ఇద్దరం కూర్చుని యూపీఐ హిస్టరీ తీశాం. ఒక తెల్లకాగితం మీద రెండు వరుసలు గీశాం. వేసింది, వచ్చింది. నాలుగు నెలలకి వేసింది 31,500. వచ్చింది 12,800. పోయింది 18,700. ఆడిన ఆటలు 710. కూడిక రెండుసార్లు చేశాడు. మూడోసారి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాడు. అదే అంకె వచ్చింది. "ఇది నా మెస్ ఫీజు అన్నయ్యా" అన్నాడు. గొంతు రాలేదు. ఆ గొంతు నేను అంతకు ముందు ఒకసారి విన్నాను, డాలస్‌లో, వంటింట్లో.

పిన్నికి చెప్పొద్దన్నాడు. ఈసారి నేను ఒట్టు వేయలేదు. "నేను చెప్పను, నువ్వే చెప్తావు" అన్నాను. రెండు వారాలకి చెప్పాడు. పిన్ని ఏడ్చింది, తర్వాత ఫీజు కట్టింది.

ఆగస్టులో చట్టం వచ్చి యాప్‌లో డబ్బు ఆటలు ఆగిపోయాయి. పీడా పోయిందనుకున్నాను. నెల తిరక్కుండా వాడే ఫోన్ చేశాడు. ఎవరో గ్రూపులో లింకు పెట్టారట, బయటి దేశం సైటు, యాభై రూపాయల బల్లలు ఉన్నాయట. "జస్ట్ అడుగుతున్నా అన్నయ్యా, ఇది సేఫేనా?" అన్నాడు. అప్పుడు వాడికి 39 కోట్లు, 6 కోట్ల కథ చెప్పాను. "అక్కడ అమెరికా ప్రభుత్వం వెంటపడితేనే మూడేళ్లు పట్టిందిరా. నీ 500 రూపాయలు పోతే ఏ ఊరు పోలీస్ స్టేషన్‌కి వెళ్తావు?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లింకు డిలీట్ చేశానని చెప్పాడు. వాడి ఫోన్ తీసుకుని నేను చూడలేదు. నమ్మాను.

మీలో ఎవరైనా ఆడి ఉంటే, ఇంకా ఆడుతుంటే, ఒక్క పని చేయండి. ఇవాళే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఆ అంకె మీరు అనుకున్న అంకెకి దగ్గరగా ఉందా లేదా చూడండి. దూరంగా ఉంటే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఆపాలని ఉండి ఆపలేకపోతే టెలి మానస్ అని ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడతారు, ఏ టైమ్‌లోనైనా.

నా నోటుపుస్తకం మా వాడికి ఇచ్చేశాను. 300 ఆటలు, 60 డాలర్లు, 250 గంటలు. దాని వెనక ఖాళీ పేజీల్లో వాడు ఇప్పుడు మెస్ ఖర్చు రాసుకుంటున్నాడు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతేనండి. వచ్చేసారి మళ్లీ కోటల దగ్గరికి వెళ్దాం. నమస్తే.